తాళం లేని డిస్కు

శశిభూషణ్ వెళ్ళిపోయిన సంగతి, వాడి కోసం ఇంటిల్లిపాదీ ఊళ్ళు పట్టుకు తిరిగిన సంగతి ఇన్నివారాలుగా చదువుతున్నవాళ్ళకి తెలిసిందే. ఇవాళే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

పన్నెండేళ్ళ కిందట మాఘమాసంలో, సామర్లకోట కల్యాణ మండపంలో అమ్మాజీ కూతురు ఉమాశ్రీ పెళ్ళయింది. ఆ పెళ్ళిలోంచే ఉమ తమ్ముడు శశిభూషణ్, ఇరవై రెండేళ్ళవాడు, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఒక్కరికి మాత్రం చెప్పాడట. ఆ ఒక్కరూ కొత్త పెళ్ళికొడుకు ఉదయ్‌భాస్కర్. "చీకటుండగానే, నాలుగున్నరకండీ, చేతిసంచితో గేటు దగ్గర కనిపించాడండీ. వైజాగ్ వెళ్ళిపోతున్నాను బావగారూ, అమ్మకి చెప్పకండి అని ఆటో ఎక్కేశాడండీ" అని పోలీసులకి చెప్పాడు, చుట్టాలకి చెప్పాడు, అడిగిన ప్రతివాళ్ళకీ ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. ఆ మాట పట్టుకునే విశాఖపట్నం నుంచి బరంపురం దాకా వెతికారు. అమ్మాజీ భర్త సూర్యప్రకాశం మాస్టారు రైలు దిగిన ప్రతి స్టేషన్నుంచీ ఇంటికి ఫోను చేసి, "కనపడలేదే అమ్మాజీ" అనేవారు. అలా అని అనీ కిందటేడు ఆయనా పోయారు.

ఇంక మంగళవారం అమావాస్య. పన్నెండేళ్ళు ఆచూకీ లేని మనిషికి ఏం చెయ్యాలో శాస్త్రంలో ఉంది. మూడువందల అరవై మోదుగాకు కాడలతో మనిషి ఆకారం కట్టి, దర్భ చుట్టి, దానికి పేరూ గోత్రమూ చెప్పి నిప్పు పెడతారు. ఆ తరవాత ఆ మనిషి తిరిగొచ్చినా మళ్ళీ పుట్టినట్టే లెక్క, బారసాల దగ్గర్నుంచి అన్నీ మొదటికే. కోటిలింగాల రేవులో ఏర్పాట్లన్నీ అల్లుడే చేశాడు. నిప్పు పెట్టేదీ అల్లుడే. రంపచోడవరం నుంచి తెప్పించిన మోదుగ కాడల బుట్ట, మీద తడిగుడ్డ కప్పి, రాజమండ్రిలో వాళ్ళ ఫ్లాట్ బాల్కనీలో తులసికోట పక్కనే పెట్టి ఉంది. అమ్మాజీ రోజూ తులసికి నీళ్ళు పోస్తూ దాని మొహం చూడాల్సిందే.

ఆ బుట్ట వచ్చిన నాలుగోరోజున, అంటే శనివారం పొద్దున్న, అమ్మాజీ గుడికెళ్ళొస్తానని చెప్పి చేతిసంచీలో రెండు వస్తువులు పెట్టుకుని బయలుదేరింది. ఒకటి కూతురు స్కూలు పనికి వాడుకునే లాప్‌టాప్. రెండోది జాకెట్టు గుడ్డలో చుట్టిన పెళ్ళి డిస్కు.

ఆ డిస్కు కథ కూడా చెప్పుకోవాలి. పెళ్ళికి వీడియో తీసిన వీరాస్వామి రెండు రకాలు ఇచ్చాడు. ఒకటి మామూలు డిస్కు, పాటలూ పూలూ అతికించి కత్తిరించినది. అందులో అప్పగింతల దగ్గర, వెనకాల కారు పక్కన, పసుపచ్చ చొక్కా ఒకటి అలికినట్టు కనబడుతుంది. అది శశిదే అని అమ్మాజీ మొదటిరోజు నుంచీ అంటూనే ఉంది. కాదు, వంటవాళ్ళలో ఎవరో అని అందరూ కొట్టేశారు. రెండోది పెద్ద క్లారిటీ డిస్కు. "హెచ్‌డీ అండీ, బ్లూ-రే. కత్తిరింపుల్లేకుండా మొత్తం ఎక్కించాను. మొహం మీద చెమటచుక్క కూడా లెక్కపెట్టుకోవచ్చు" అని వీరాస్వామి గొప్పగా చెప్పి ఇచ్చాడు. ఆడించే మిషను ఎవరింట్లోనూ లేదు. మాస్టారు దాన్ని తీసుకెళ్ళి బీరువా పై అరలో పెట్టేసి, "దాన్ని ముట్టుకోవద్దు, గుండె చెరువవుతుంది" అన్నారు. ఆయన పోయాక అమ్మాజీ అల్లుణ్ణి అడిగింది. అల్లుడు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే లెక్చరరు కదా, ఆయన మాటే మాట. "దీనికి తాళం ఉందండి అత్తయ్యగారూ. తాళం తీసే సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ మూతపడిపోయింది. ఇండియాలో దొరకదు" అని, కాలేజీ డ్రైవ్‌లో డిస్కు పెట్టి, తెర మీద పసుపచ్చ ముక్కోణం, అందులో ఆశ్చర్యార్థకం గుర్తు, పక్కన ఇంగ్లీషులో రెండు లైన్లు చూపించాడు. అమ్మాజీకి ఇంగ్లీషు రాదు. నమ్మింది.

నమ్మకం సడలింది కాబట్టి వెళ్ళిందా అంటే అదీ కాదు. నిప్పు పెట్టేముందు ఒక్కసారి పిల్లాడి చొక్కా అయినా చూసుకుందామని వెళ్ళింది.

మొదటి షాపులో, "ఇంకా డిస్కులేంటండీ, పెన్‌డ్రైవ్‌లో వేయించుకోవాల్సింది" అని పంపించేశారు. రెండో షాపులో లోపలికి తోస్తే మిషను గురగురమని వెనక్కి కక్కేసింది. దేవీచౌక్ వెనక సందులో మూడోది శ్రీదుర్గ అనే అమ్మాయిది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, చెవి మీద స్క్రూడ్రైవరు పెట్టుకుని మాట్లాడుతుంది. ఆవిడ దగ్గర బ్లూ-రే డ్రైవ్ ఉంది. పాత పెళ్ళి డిస్కుల్ని కొత్తవాటిలోకి మార్చి ఇస్తుందట.

జాకెట్టు గుడ్డ విప్పి డిస్కు వెనక్కి తిప్పగానే అంది, "ఇదేంటండి మామ్మగారూ, ఎర్రగా?"

"బొట్టమ్మా."

"డిస్కుకి బొట్టు పెట్టారా!"

"కొత్తగా ఇంటికొచ్చిన దేనికైనా పెడతాను. ఫ్రిజ్జుకి పెట్టాను, మిక్సీకి పెట్టాను, మా అల్లుడుగారి బండికి పెట్టాను. ఇల్లంతా ఏడుస్తున్నా సరే, ఆడపిల్ల పెళ్ళి వస్తువు కదా అని దీనికీ పసుపు రాసి బొట్టు పెట్టాను."

"పెడితే పెట్టారు, పేరు రాసిన వైపు పెట్టాలి కదండీ. మిషను చదివేది మెరిసే వైపు."

"మెరిసే వైపే దాని మొహం అనుకున్నాను."

శ్రీదుర్గ నవ్వబోయి, పెద్దావిడ కళ్ళు చూసి ఆగిపోయింది. మెత్తటి గుడ్డ తడిపి, నడిమధ్య నుంచి అంచుకి గీతలు గీసినట్టు ఓపిగ్గా తుడిచింది. పసుపు పోయింది. కుంకం మచ్చ మాత్రం, కందిబద్దంత, అంచున పట్టేసింది. "ఇది లోపల్నుంచి బయటికి చదువుకుంటూ పోతుందండి. అంచు మీద మచ్చంటే చివర్లో ఎక్కడో ఆగుతుంది. చూద్దాం."

డ్రైవ్ తగిలించి డిస్కు పెట్టింది. లాప్‌టాప్ తెర మీదకి పసుపచ్చ ముక్కోణం వచ్చింది.

"ఇదే! ఈ బొమ్మే మా అల్లుడుగారు చూపించారు. తాళం ఉందని రాసుంది కదూ?"

"తాళమా? లేదండి. దీన్ని ఆడించే సాఫ్ట్‌వేర్ మీ లాప్‌టాప్‌లో లేదు, పెట్టుకోండి అని ఉంది. అంతే."

"తాళం అనే మాట లేదా? బాగా చూడు తల్లీ."

"కొనుక్కున్న సినిమా డిస్కులకి ఉంటుందండి తాళం, ఎవరూ కాపీ కొట్టకుండా. మీ ఇంటి పెళ్ళికి తాళం ఎవరు వేస్తారండి?" అని నెట్‌లో వెతకడం మొదలుపెట్టింది. ఒక సాఫ్ట్‌వేర్ ముందే డబ్బు కట్టమంది. ఇంకోటి ఊరికే చూపిస్తానని, రెండు నిమిషాలు చూపించి బొమ్మకి అడ్డంగా తన పేరు రాసేసుకుంది. మూడోది నిజంగానే ఉచితం, కానీ డిస్కులో మొదటి పేజీ తెరవలేక నల్లగా ఉండిపోయింది. "మొదటి పేజీతో మనకేం పని. గది తలుపు తెరుచుకోకపోతే కిటికీలోంచి వెళ్తాం" అని ఆ అమ్మాయి డిస్కులో ఒక్కొక్క ఫోల్డరే తెరుచుకుంటూ పోయి, అన్నిటికంటే పెద్ద ఫైలు పట్టుకుని ఆ ప్లేయర్లోకి లాగి వదిలింది.

సన్నాయి మోగింది. షాపులో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

"మీ అల్లుడుగారికి కంప్యూటర్లు అంతగా రావేమోనండి, పాపం" అంది శ్రీదుర్గ, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"కాలేజీలో కంప్యూటర్ లెక్చరరమ్మా" అంది అమ్మాజీ.

ఆ పిల్ల తెర కేసి తిరిగింది. కాపీ తీద్దామని చూస్తే మచ్చ దగ్గర ఆగిపోయింది. తెల్లకాగితం మీద ఏది నొక్కాలో, దేని తరవాత ఏదో తెలుగులో వరసగా రాసి, డ్రైవ్‌తో సహా సంచీలో సర్ది, "సాయంత్రం తెచ్చివ్వండి చాలు. ఎక్కువసార్లు తిప్పకండి మామ్మగారూ, మచ్చ దగ్గర అస్తమానూ తంటాలు పడితే ఉన్నదీ చదవడం మానేస్తుంది. ఒక్కసారి, కుదురుగా కూర్చుని చూడండి" అని చెప్పింది.

* * *

ఇంటికొచ్చేసరికి పదకొండున్నర. శనివారం కాబట్టి ఉమాశ్రీ ఒంటిగంటకి వస్తుంది. అల్లుడు సాయంత్రం గానీ రాడు. అమ్మాజీ చేతులు కడుక్కుని, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, కాగితం చూసుకుంటూ ఒక్కొక్కటే నొక్కింది.

ముందు మాస్టారు కనబడ్డారు. కొత్త కండువాతో, అల్లుడి కాళ్ళు కడుగుతున్నారు. నీళ్ళు చల్లగా ఉన్నాయేమో, చేతివేళ్ళు ముడుచుకుంటున్నారు. పోయిన మనిషి అంత దగ్గరగా, గడ్డం మీద గీసుకున్న గాటుతో సహా కనబడితే ఏమైపోతుందండీ ప్రాణం! తెర మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. ఏడవడానికి టైము లేదు. కాగితంలో రాసినట్టు కింద గీత మీద చివరికి జరిపింది.

అప్పగింతలు. ఇది అమ్మాజీ ఎప్పుడూ చూడలేదు. ఆ పొద్దున కొడుకు కనబడటం లేదన్న గొడవ ఇంకా లేదు, కానీ రెండ్రోజుల ఉపవాసానికి కళ్ళు తిరిగి లోపలి గదిలో పడిపోయింది. లేచేసరికి కార్లు వెళ్ళిపోయాయి. అందుకే ఇప్పుడు ఒక్కటీ వదలకుండా చూస్తోంది. పాలగిన్నెలో ఉమ చేతులు ముంచడం, అత్తవారి చేతుల్లో పెట్టడం, పాలు బొట్లు బొట్లుగా చాప మీద పడటం. బంతిపూల కింద ఉమ మెడ వంచుకుని ఏడవడం. తరవాత బొమ్మ ఊగింది. వీరాస్వామి పద్ధతి అది, పెళ్ళికూతురు కారెక్కేది లోపల్నుంచి తీస్తాడు. అందుకని ముందే కెమెరా తీసుకెళ్ళి, ఆపకుండా, కారులో ముందు అద్దం దగ్గర వెనకసీటు కేసి తిప్పి పెట్టి వెళ్ళిపోయాడు. మామూలు డిస్కులో ఇదంతా కత్తిరించేశారు.

ఖాళీ సీటు. తెరిచిన తలుపు. తలుపు బయట నేల మీద పరుచుకున్న ఎండ.

ఆ ఎండలోకి పసుపచ్చ చొక్కా వచ్చింది. రెండు చేతులా సారె బుట్ట ఎత్తి పట్టుకుని, ఒంగి, సీటు మీదకి తోసింది. మొహం అటు తిరిగి ఉంది. మెడ, భుజం, కాలరు, బుట్ట అంచు మీద వేళ్ళు. అక్కడ బొమ్మ బిగుసుకుపోయింది. డ్రైవ్ లోపల నూరుతున్నట్టు శబ్దం.

కందిబద్దంత కుంకం మచ్చ.

అమ్మాజీ తన ఉంగరం వేలు చూసుకుంది. ఆ వేలితోనే పెట్టింది.

కానీ ఆగింది ఆగినట్టే ఉంది, తెర నిండా, చెక్కినట్టు. కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికి వంగింది. ఎడమ కాలరు మడత కింద గోధుమరంగు గీత ఒకటి, అంగుళంలో సగం. పెళ్ళి ముందురోజు సాయంత్రం ఇస్త్రీ చేస్తూ, ఎవరో పిలిస్తే పలికి, తనే కాల్చింది. "అయ్యో కొత్త చొక్కారా" అని తను బాధపడితే, "మడిచేస్తే కనపడదులే అమ్మా, పెళ్ళికూతుర్ని నేను కాదుగా" అని నవ్వాడు శశి.

అప్పుడే వీధి తలుపు తాళంచెవి తిరిగింది.

"అత్తయ్యగారూ, పురోహితుడుగారు దర్భ సంగతి కనుక్కోమంటే వచ్చానండి, అలాగే భోజనం కూడా..." అంటూ చెప్పులు విప్పిన ఉదయ్‌భాస్కర్ భోజనాల బల్ల చూశాడు. బల్ల మీద తెర చూశాడు. చేతిలో హెల్మెట్ చేతిలోనే ఉంది.

"ఆ సాఫ్ట్‌వేర్ ఎవరు పెట్టారండీ?" అన్నాడు.

అది గుర్తు పెట్టుకుంది అమ్మాజీ. బావమరిది చొక్కా పన్నెండేళ్ళ తరవాత కళ్ళెదురుగా ఉంటే, ఆ మనిషి నోట ముందొచ్చింది సాఫ్ట్‌వేర్.

"దొరికింది బాబూ. దేవీచౌక్‌లోనే దొరికింది. కూర్చోండి."

"ఉమ స్కూల్ లాప్‌టాప్ అండి అది. దారినపోయేవాళ్ళ చేత ఏవో ఎక్కించుకుంటే వైరస్‌లు..."

"కూర్చోండి. మంచినీళ్ళు తాగండి."

గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు, కూర్చోలేదు.

"ఆ చొక్కా ఎవరిది బాబూ?"

"వంటవాళ్ళలో ఎవరో అయ్యుంటాడండీ. ఎన్నిసార్లు చెప్పాను."

"వంటవాడు సారె బుట్ట ఎందుకు పట్టుకుంటాడు? తమ్ముడుండగా ఇంకోడి చేత పెట్టనిస్తామా? కాలరు చూడండి. నేను కాల్చిన మచ్చ. మామూలు డిస్కులో కనపడలేదు, ఇందులో కనపడుతోంది."

ఉదయ్‌భాస్కర్ తెర కేసి చూడకుండా హెల్మెట్ కుర్చీలో పెట్టాడు. "సరే. శశే అనుకోండి. వెళ్ళేముందు బుట్ట పెట్టి వెళ్ళాడేమో."

"నాలుగున్నరకి వెళ్ళాడన్నారు."

"నాలుగున్నరో, ఐదో. ఎన్నేళ్ళయిందండీ!"

"ఎన్నేళ్ళయినా నాలుగున్నరే చెప్పారు కదా బాబూ. నాలుగుంపావు అని ఒక్కసారి కూడా అనలేదు మీరు." అమ్మాజీ గొంతు పెరగలేదు. పెరిగితే బావుండేదేమో. "చీకట్లో ఆటో ఎక్కిన పిల్లాడి వీపు మీద ఎండ ఎలా పడిందండీ?"

బాల్కనీలో తడిగుడ్డ నుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కే కారుతున్నాయి.

"అత్తయ్యగారూ, మీకు బీపీ ఉంది. పొద్దుట మాత్ర వేసుకున్నారా?" అన్నాడు అతను, చాలా మెల్లిగా. "మంగళవారం కార్యక్రమం అయిపోనివ్వండి. మీ మనసు కుదుటపడుతుంది."

"నిప్పు ఎవరు పెడతారు?"

"నేనే కదండీ. ఇంకెవరున్నారు?"

"మీరు పెట్టకండి."

"పన్నెండేళ్ళు మీ కూడా తిరిగాను నేను. కాలేజీకి సెలవు పెట్టి, సొంత డబ్బుతో టిక్కెట్లు కొని. బరంపురం ఆసుపత్రికి రాత్రికి రాత్రి ఎవరు తీసుకెళ్ళారండీ మిమ్మల్ని? నేను కాదూ?"

బరంపురం. అతను ఆ ఊరి పేరు ఎత్తకపోతే అమ్మాజీకి అది గుర్తొచ్చేదే కాదు. పదేళ్ళ కిందటి మాట. రైలు పట్టాల పక్కన దొరికిన కుర్రాడి శవం ఉందంటే ముగ్గురూ వెళ్ళారు. మాస్టారు లోపలికి రాలేదు, బయట బల్ల మీద గొడుగు మీద గడ్డం ఆనించుకుని కూర్చుండిపోయారు. తండ్రి గుండె కదా, చూడలేకపోయారనుకుంది అప్పుడు. లోపల మంచం మీద దుప్పటి. అల్లుడు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని తన భుజం పట్టుకున్నాడు. "మనవాడు కాదండీ అత్తయ్యగారూ, పదండి" అన్నాడు. ఎంత ఊరటగా అనిపించిందో ఆ మాట! అతని చేతులకి దణ్ణం పెట్టాలనిపించింది.

దుప్పటి అప్పటికింకా తియ్యలేదు.

అవునండీ. ఆ ఆసుపత్రి మనిషి దుప్పటి కొస పట్టుకున్నాడు, అంతే. తియ్యకముందే అన్నాడు అల్లుడు.

అమ్మాజీ కుర్చీ అంచు పట్టుకుంది. "బాబూ, ఆ వేళ బరంపురంలో, మొహం చూడకుండానే మనవాడు కాదన్నారు మీరు. ఎలా తెలుసు?"

ఉదయ్‌భాస్కర్ నోరు తెరిచాడు. మాట కోసం వెతుక్కుంటున్న మనిషిని అమ్మాజీ చాలామందిని చూసింది. వీడు వెతుక్కోవడం లేదు. ఉన్నమాట బయటికి రాకుండా పట్టుకుంటున్నాడు.

"అమ్మాయిని నేనెప్పుడైనా ఒక్క మాటన్నానా?" అన్నాడు చివరికి. "చెప్పండి. మిమ్మల్ని, మావయ్యగారిని తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకున్నాను. ఒక్కనాడు విసుక్కున్నానా?"

"లేదు బాబూ. బంగారంలా చూశారు. నేనడిగింది అది కాదు."

"మంగళవారం దాకా ఓపిక పట్టండి. అంతే నేనడిగేది. ఆ డిస్కు తీసి ఇవ్వండి." చెయ్యి చాపాడు.

అమ్మాజీ డ్రైవ్ మీద అరచెయ్యి ఆనించింది. లోపల డిస్కు తిరుగుతూ ఉంది, వెచ్చగా, జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా. "నన్ను తోసి తీసుకోండి కావాలంటే."

"అమ్మా! ఏంటిది?"

గుమ్మంలో ఉమాశ్రీ. భుజాన బ్యాగు, చేతిలో పిల్లల కాగితాల కట్ట. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో, ఆ కళ్ళు చూస్తే చాలానే విందనిపిస్తుంది. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ బల్ల దగ్గరికొచ్చి తెర చూసింది. "ఇది మన కారు. ఇదేంటి... తమ్ముడా?"

"తమ్ముడే. నువ్వు కారెక్కేముందు సారె పెట్టింది వాడే."

"నాకు తెలీదమ్మా. నేను తలెత్తలేదు. ఈయన చెప్పారు కదా, తెల్లారకుండానే..." అని భర్త కేసి తిరిగింది. "ఏంటండీ?"

ఉదయ్‌భాస్కర్ భార్యతో మాట్లాడలేదు. అత్తగారితోనే, చేతులు జోడించినంత పని చేసి అన్నాడు. "అత్తయ్యగారూ, నేను తప్పు చెయ్యలేదని అనను. కానీ తాళం అబద్ధం నా కోసం చెప్పలేదు. నాలుగున్నర నా కోసం చెప్పలేదు. దీని తరవాత వచ్చేది మీరు వినకండి. మీ మంచికి చెబుతున్నాను. వింటే ఇంక మీకు ఏడవడానికి కూడా ఎవరూ మిగలరు."

"ఆపండి, మీ మాటలు" అంది ఉమాశ్రీ.

"ఉమా, ఆ వైరు లాగెయ్. నా మాట విను."

"ఉండనివ్వండి!"

అతను బల్ల మీదుగా వంగాడు. వైరు అతని వేళ్ళకి అందింది కూడా. సరిగ్గా అప్పుడే డ్రైవ్‌లో నూరుడు ఆగింది. మచ్చ దాటేసిందో ఏమో, తెర మీద పసుపచ్చ భుజం ఒక్కసారి ఎగిరిపడ్డట్టు కదిలింది. మూసేసిన గది తలుపు తీసినట్టు సన్నాయీ, జనం గోలా, కారు హారనూ ఇంట్లోకి వచ్చి పడ్డాయి. ఉదయ్‌భాస్కర్ వేళ్ళు వైరు మీదే ఉన్నాయి. లాగలేదు. ఎందుకు లాగలేదో అతనికే తెలియాలి.

శశి తల ఎత్తాడు. మొహం కనబడింది. ఏడుస్తున్నాడు. ఏడుపు ఆపుకోవడానికి చిన్నప్పట్నుంచీ ఎలా కింది పెదవి కొరుక్కుంటాడో అలాగే కొరుక్కుంటున్నాడు. తలుపు బయట ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరిది పెళ్ళి పట్టుపంచె, పసుపు నీళ్ళ మరకలతో. రెండోవారిది తెల్లపంచె. ఇద్దరూ నడుము నుంచి కిందకే కనబడుతున్నారు, మొహాలు కారు కప్పు పైన ఉండిపోయాయి.

"చెప్పేస్తాను" అన్నాడు శశి. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో వినబడని గొంతు, సీటుకీ సీటుకీ మధ్య నుంచి, పక్కనే కూర్చుని అన్నట్టు. "అక్క కారెక్కకముందే చెప్పేస్తాను. మీరు ఆపలేరు బావగారూ."

పట్టుపంచె కదల్లేదు.

తెల్లపంచె ఒక అడుగు ముందుకేసింది. కొత్త కండువా కొస ఒకటి తలుపు అంచు మీదుగా లోపలికి వేలాడింది.

"నోరు ముయ్యి శశీ" అంది ఆ మనిషి గొంతు. "తాళి కట్టడం అయిపోయింది. ఇంక చెప్పేదేమీ లేదు. ఎవరూ చూడకముందు ఆ బుట్ట వదిలేసి నాతో రా."

అమ్మాజీ అరచెయ్యి డ్రైవ్ మీదనుంచి జారిపోయింది. ఆ గొంతు ఎవరిదో చెప్పడానికి మొహం అక్కర్లేదు. ముప్పై అయిదేళ్ళు కాపరం చేసిన గొంతు. రైలు దిగిన ప్రతి స్టేషన్నుంచీ, వైజాగ్ నుంచీ, బరంపురం నుంచీ, ఫోనులో దగ్గుకుంటూ, "కనపడలేదే అమ్మాజీ" అని చెప్పిన గొంతు.